మూడో నెల నిండుతోందా? 11 నుంచి 14 వారాల మధ్య ఏం చేయాలి, ఏం జరుగుతుంది

"మూడో నెల దాటిందంటే గండం గడిచినట్టే" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. ఆ మాటలో నిజముంది. గర్భస్రావం భయం చాలావరకు తగ్గేది ఇక్కడే. కానీ ఆ మాట పట్టుకుని, మూడో నెల దాటాకే హాస్పిటల్‌కి వెళ్దాంలే, అప్పటిదాకా ఎవరికీ తెలియనివ్వొద్దు అని ఆగిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. నా బాధంతా దాని గురించే. కొన్ని పరీక్షల గడువు సరిగ్గా మూడో నెల చివర్లోనే మొదలై, అప్పుడే ముగిసిపోతుంది. తర్వాత ఎంత డబ్బు పెట్టినా అవి జరగవు. అందుకే ఈ మూడు వారాల్లో ఏ పని ఎప్పుడు చేయాలో వరసగా చెబుతున్నాను.

ముందు వారాల లెక్క తేల్చుకోండి

ఇంట్లో నెలలు లెక్కపెడతారు, డాక్టర్లు వారాలు లెక్కపెడతారు. అది పెద్ద సమస్య కాదు. లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టారన్నదే అసలు చిక్కు. ఇంట్లోవాళ్లు నెల తప్పిన రోజు నుంచి లెక్కేస్తారు. డాక్టర్లు చివరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి లెక్కేస్తారు. రెండింటికీ మధ్య దాదాపు నాలుగు వారాల తేడా వస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. మీకు చివరి నెలసరి జనవరి 1న మొదలైందనుకుందాం, ఆ ఏడాది ఫిబ్రవరికి 28 రోజులే. మార్చి 19కి మీకు 11 వారాలు నిండుతాయి. ఏప్రిల్ 8కి 13 వారాల 6 రోజులు అవుతాయి. మొదటి త్రైమాసికం అక్కడితో పూర్తి. కాన్పు తేదీ అక్టోబర్ 8. అదే నెల తప్పిన రోజు నుంచి మూడు నెలలు లెక్కేసుకుని బయల్దేరితే, ఏప్రిల్ నెలాఖరు అవుతుంది. బిడ్డ మెడ వెనక కొలత తీసే ఎన్‌టీ స్కాన్ గడువు దాటి అప్పటికే మూడు వారాలు.

కాబట్టి ఈరోజే చివరి నెలసరి తేదీ ఒక కాగితం మీద రాయండి. ఆ తేదీకి తొమ్మిది నెలలు, ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. పీసీఓడీ ఉండి నెలసరి ఎప్పుడు వస్తుందో తెలియనివాళ్లకు, తేదీ గుర్తులేనివాళ్లకు ఈ లెక్క పనికిరాదు. వాళ్లు మొదట్లో చేయించిన స్కానింగ్‌లో వచ్చిన తేదీనే నమ్మాలి. ఆ స్కానింగ్ ఇంకా చేయించుకోకపోతే ఇక ఆగొద్దు. మూడు నెలల లోపు కొలిచిన బిడ్డ పొడవును బట్టి డాక్టరు ఒకసారి తేదీ ఖాయం చేశాక, అదే చివరిదాకా లెక్క. ఆరో నెలలోనో ఎనిమిదో నెలలోనో స్కానింగ్ రిపోర్టు మీద వేరే కాన్పు తేదీ కనిపిస్తుంది. అది అప్పటి బిడ్డ సైజును బట్టి మిషన్ వేసిన లెక్క, దానికి టెన్షన్ పడొద్దు.

ఎన్‌టీ స్కాన్‌కి 12 వారాల దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి

బిడ్డ మెడ వెనక చర్మం కింద ఉండే పలుచని నీటి పొరను కొలిచే స్కానింగ్ ఇది. బిడ్డ తల నుంచి పిరుదుల వరకు 45 నుంచి 84 మిల్లీమీటర్ల పొడవు ఉన్నప్పుడే ఆ కొలత చెల్లుతుంది. అంటే 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల వరకు. మరీ 11కి వెళితే బిడ్డ ఇంకా చిన్నగా ఉందని తిప్పి పంపొచ్చు. 13 దాటాక పెట్టుకుంటే, ఆరోజు ఏ కారణంతో వీలుకాకపోయినా మళ్లీ వెళ్లే టైం ఉండదు. 12 వారాల దగ్గర పెట్టుకుంటే రెండు వైపులా వెసులుబాటు ఉంటుంది. మంచి స్కానింగ్ సెంటర్లలో రద్దీ ఎక్కువ కాబట్టి పదో వారంలోనే ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకోండి.

వెళ్లేటప్పుడు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, డాక్టర్ రాసిన చీటీ, పాత రిపోర్టులు పట్టుకెళ్లండి. అక్కడ ఫారం-ఎఫ్ అని ఒకటి నింపి మీ సంతకం తీసుకుంటారు. 1994లో వచ్చిన చట్టం ప్రకారం గర్భిణికి చేసే ప్రతి స్కానింగ్‌కీ అది తప్పనిసరి. ఆడా మగా అని అడగడం కూడా నేరమే. చెప్పించుకోవాలని చూసిన కుటుంబ సభ్యులకు మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఇంట్లో ఎవరైనా ఆ సంగతి కదిపితే మొదటి రోజే గట్టిగా కాదనండి.

గదిలోకి వెళ్లాక వెల్లకిలా పడుకోబెట్టి, పొత్తికడుపు మీద చల్లటి జెల్ రాసి చూస్తారు. బిడ్డ పక్కవాటుగా, తల మరీ వంచకుండా, మరీ వెనక్కి వాల్చకుండా ఉన్నప్పుడే మెడ కొలత తీయాలి. బిడ్డ వీపు పైకి పెట్టి పడుకుని ఉంటే కొలత కుదరదు. అప్పుడు మిమ్మల్ని ఒక పక్కకి తిరగమంటారు, దగ్గమంటారు, లేదా కాసేపు బయట నడిచి రమ్మంటారు. మళ్లీ పిలిచేదాకా వరండాలో కూర్చున్న చాలామందికి బిడ్డకేదో అయిందేమోనని గుండె దడ పుడుతుంది. ఏమీ కాలేదు, బిడ్డ కదిలే వరకు ఎదురు చూస్తున్నారు, అంతే. కొన్నిసార్లు పైనుంచి సరిగా కనబడకపోతే యోని ద్వారా చూస్తామని అడుగుతారు. దానివల్ల బిడ్డకు హాని లేదు.

మెడ కొలతతో పాటు ఇంకా చాలా చూస్తారు. గుండె కొట్టుకోవడం, పుర్రె ఎముక, ముక్కు ఎముక, చేతులు, కాళ్లు, పొట్ట, మూత్రాశయం. కవలలైతే ఇద్దరికీ ఒకే మాయ ఉందా, విడివిడిగా ఉన్నాయా అన్నది ఇప్పుడే బాగా తెలుస్తుంది. మిగతా నెలల్లో ఎన్నిసార్లు స్కానింగ్ అవసరమో దాన్ని బట్టే నిర్ణయిస్తారు. కాబట్టి కవలలని తెలిస్తే రిపోర్టులో ఆ సంగతి రాశారో లేదో అక్కడే చూసుకోండి.

అదే రోజో, ఒకటి రెండు రోజుల తేడాలోనో డబుల్ మార్కర్ అనే రక్త పరీక్ష ఉంటుంది. పరగడుపున వెళ్లాల్సిన పనిలేదు. కానీ ల్యాబ్‌లో ఇచ్చే ఫారం జాగ్రత్తగా నింపండి. మీ పుట్టిన తేదీ, ఆరోజు తూకం, షుగర్ ఉందా, ఐవీఎఫ్ ద్వారా వచ్చిన గర్భమా, ఒక బిడ్డా ఇద్దరా, ఇవన్నీ లెక్కలోకి వెళ్తాయి. అంచనాగా తూకం చెప్పకుండా అక్కడి మిషన్ మీద నిలబడి చూసి రాయించండి.

స్కానింగ్‌లో తీసిన మెడ కొలతను, ఈ రక్త పరీక్షను కలిపి లెక్కేస్తే రిపోర్టులో 1:1200 లాంటి అంకె వస్తుంది. మీ వయసు, మీ కొలతలే ఉన్న 1200 మంది గర్భిణులను తీసుకుంటే ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోము ఎక్కువగా ఉండటం వల్ల ఎదుగుదల, తెలివి మందగించే పుట్టు లోపం) ఉండే అవకాశం ఉందని దానర్థం. చాలా ల్యాబ్‌లు 1:250 దగ్గర గీత గీసి, అంతకంటే అవకాశం ఎక్కువుంటే హై రిస్క్ అని రాస్తాయి. ఆ రెండు మాటలు చూసి కుప్పకూలిపోయిన తల్లులెందరో. 1:180 వచ్చిందంటే 180 మందిలో 179 మందికి ఆ సమస్య లేనట్టే లెక్క. ఇది జల్లెడ పట్టే పరీక్ష, జబ్బు ఉందని తేల్చే పరీక్ష కాదు. హై రిస్క్ వస్తే డాక్టరు మీతో కూర్చుని తర్వాతి దారి మాట్లాడతారు. ఎన్‌ఐపీటీ అనే రక్త పరీక్ష ఇంకా మెరుగ్గా జల్లెడ పడుతుంది. కచ్చితంగా తేల్చాలంటే మాయ నుంచి చిన్న ముక్క తీసే సీవీఎస్ గాని, 15 వారాలు నిండాక ఉమ్మనీరు తీసే పరీక్ష గాని చేయాలి. ఏది చేయించుకోవాలి, అసలు చేయించుకోవాలా వద్దా అన్నది మీరూ మీ భర్తా తీసుకోవాల్సిన నిర్ణయం. జెనెటిక్ కౌన్సెలింగ్ ఎక్కడ దొరుకుతుందో అడగండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగమే ప్రత్యేకంగా ఉంది.

మేనరికమైతే ఆ సంగతి డాక్టరు అడగకముందే చెప్పండి. మేనమామను చేసుకున్నా, మేనబావను చేసుకున్నా ఇద్దరిలోనూ ఒకే జన్యులోపం దాగి ఉండే అవకాశం బయటి సంబంధం కంటే ఎక్కువ. పుట్టే పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు, అందులో సిగ్గుపడాల్సింది గాని భయంతో వణికిపోవాల్సింది గాని లేదు. కానీ డబుల్ మార్కర్ బాగుందని ఈ విషయంలో నిశ్చింతగా ఉండటానికి లేదు, ఆ పరీక్ష పట్టుకునే జబ్బులు వేరు. రెండు కుటుంబాల్లో చిన్నప్పుడే పోయిన పిల్లలు, పుట్టు చెవుడు, తలసీమియా, కండరాల జబ్బులు ఎవరికైనా ఉన్నాయేమో అమ్మనీ అత్తగారినీ అడిగి రాసుకెళ్లండి. మేనరికమున్నా లేకున్నా తలసీమియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బుల కోసం హిమోగ్లోబిన్ రకాన్ని చూసే పరీక్ష ఒకటి చేయించడం మంచిది. మీలో క్యారియర్ (జబ్బు లేకపోయినా ఆ లోపం దాగి ఉన్నవాళ్లు) అని వస్తే మీ భర్తకూ వెంటనే చేయించాలి.

ఈ స్కానింగ్‌లోనే బీపీ చూసి, గర్భసంచికి వెళ్లే రక్తనాళాల ప్రవాహం కూడా కొన్నిచోట్ల కొలుస్తారు. ముందు ముందు బీపీ పెరిగే ప్రమాదం ఎక్కువని తేలితే రాత్రిపూట తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. అది 16 వారాల లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. సొంతంగా మాత్రం మొదలుపెట్టొద్దు.

గడువు దాటిపోయినవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. 15 వారాల తర్వాత చేసే క్వాడ్రపుల్ టెస్ట్ అనే రక్త పరీక్ష ఉంది, ఎన్‌ఐపీటీ ఉంది. 18-20 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే టిఫా స్కాన్ అందరికీ ఉండేదే.

మిగతా పరీక్షలు

వీటిలో చాలావరకు మొదటి చెకప్‌లోనే అయిపోయి ఉండాలి. కాకపోతే ఇప్పుడే పూర్తి చేయండి: హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, థైరాయిడ్, షుగర్, హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్, మూత్రం. షుగర్‌కి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు రక్తం తీస్తారు. 140 లేదా అంతకంటే ఎక్కువ వస్తే గర్భిణుల్లో వచ్చే షుగర్‌గా లెక్క. ఇప్పుడు బాగున్నా 24-28 వారాల మధ్య మళ్లీ చేస్తారు. మీది నెగెటివ్ గ్రూపై, భర్తది పాజిటివ్ అయితే ఆ మాట ప్రతి డాక్టరుకీ గుర్తుచేయండి. ఎప్పుడు కొంచెం రక్తం కనిపించినా, బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా మీ ఒంట్లో యాంటీబాడీలు తయారవకుండా ఆపే యాంటీ-డి ఇంజక్షన్ అవసరమా అని అడగాలి. టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే) టీకా మొదటి డోసు పడకపోతే వేయించుకోండి, రెండోది నాలుగు వారాలకు.

వీటిలో చాలావరకు పీహెచ్‌సీలో ఉచితం. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా చెకప్‌లు చేస్తారు. ప్రైవేటులో చూపించుకుంటున్నా సరే, ఏఎన్‌ఎం దగ్గర పేరు రాయించుకుని తల్లీబిడ్డల కార్డు తీసుకోండి. అర్ధరాత్రి వేరే ఊళ్లో ఏ ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చినా, మీ బ్లడ్ గ్రూపు, కాన్పు తేదీ అందులో రాసి ఉంటాయి.

మాత్రలు మారేది ఇప్పుడే

ఇప్పటిదాకా వేసుకున్నది ఫోలిక్ యాసిడ్. నాలుగో నెల నుంచి ఐరన్, కాల్షియం తోడవుతాయి. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. కాల్షియం 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. నులిపురుగుల మాత్ర ఒక్కటి కూడా మూడు నెలలు నిండాకే ఇస్తారు.

ఐరన్, కాల్షియం కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. పొద్దున టిఫిన్ తర్వాత ఒక కాల్షియం, మధ్యాహ్నం భోజనమైన గంటకు ఐరన్, రాత్రి భోజనం తర్వాత ఇంకో కాల్షియం అని పెట్టుకుంటే మర్చిపోరు. ఐరన్ మాత్రను నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోండి. టీ, కాఫీ, పాలతో వద్దు. మలం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు. వికారం గాని మలబద్ధకం గాని ఎక్కువైతే మాత్ర పడేయకండి, వేరే రకం రాయమని అడగండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు ఈ రెండింటితోనూ నాలుగు గంటల ఎడం కావాలి, కాబట్టి పొద్దుటి కాల్షియం ఎప్పటికి మార్చాలో డాక్టర్‌ని అడగండి.

ఒంట్లో వచ్చే మార్పులు

వేవిళ్లు సాధారణంగా తొమ్మిదో వారం దగ్గర బాగా ఎక్కువై, 12-14 వారాలకు తగ్గుముఖం పడతాయి. కొందరికి ఐదో నెల దాకా ఉంటాయి. అదీ మామూలే. ఒకరోజు పొద్దున లేచేసరికి వికారం లేదు, రొమ్ముల నొప్పి లేదు, పోపు వాసన కడుపులో తిప్పడం లేదు. హాయిగా ఉండాల్సింది పోయి, బిడ్డకేమైనా అయిందా అని భయం మొదలవుతుంది. హార్మోన్ల స్థాయి మారడం వల్లే ఇలా జరుగుతుంది. రక్తం, నొప్పి లేకుండా లక్షణాలు మాత్రమే తగ్గితే అది మంచి మార్పే. వాంతుల మాత్ర వాడుతుంటే ఎప్పుడు, ఎలా తగ్గించాలో డాక్టర్ని అడిగి ఆపండి.

గర్భసంచి 12 వారాలకు కటి ఎముక దాటి పైకొస్తుంది. అందుకే మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం కొంత తగ్గుతుంది. పొత్తికడుపులో పక్కలకి, లేచినప్పుడో దగ్గినప్పుడో చురుక్కుమనే నొప్పి రావచ్చు. చిగుళ్ల నుంచి రక్తం, ముక్కు దిబ్బడ, గుండెల్లో మంట, తెల్లబట్ట కొంచెం ఎక్కువవడం, ఇవన్నీ ఉంటాయి. బిడ్డ కదలిక ఇప్పుడే తెలియదు. మొదటి కాన్పులో 18-20 వారాలకు గాని తెలియదు. పక్కింటావిడకి నాలుగో నెలలోనే తెలిసిందట అని దిగులు పెట్టుకోకండి.

తిండి విషయానికొస్తే, ఇద్దరికి సరిపడా తినమనే మాట పక్కన పెట్టండి. మొదటి మూడు నెలల్లో అదనంగా ఏమీ అవసరం లేదు. నాలుగో నెల నుంచి రోజుకు సుమారు 350 క్యాలరీలు ఎక్కువ కావాలి. అంటే మామూలు భోజనానికి తోడు ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేరుశనగలు, ఒక పండు. ఇప్పటిదాకా బరువు పెరగకపోయినా, ఒకటి రెండు కిలోలు తగ్గినా చాలామందికి నాలుగో నెలలో ఆకలి వచ్చి సర్దుకుంటుంది. కుంకుమపువ్వు వల్ల బిడ్డ తెల్లగా పుట్టదు. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, ఆకుకూరలు కొనుక్కోండి. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపిస్తుంటే దాచుకోకుండా చెప్పండి. చాలాసార్లు అది రక్తం తక్కువగా ఉందనడానికి గుర్తు.

ఇవి కనిపిస్తే ఆగకుండా వెళ్లండి

ప్యాడ్ తడిసేంత రక్తం, గడ్డలు. తగ్గని కడుపు నొప్పి. కళ్లు తిరిగి పడిపోవడం. జ్వరం. మూత్రంలో మంట. నీళ్లు కూడా కడుపులో నిలవనంత వాంతులు, రోజంతా మూత్రం సరిగా రాకపోవడం. కొంచెం రక్తపు మరక కనిపించినా ఆరోజే ఫోన్ చేయండి. బండి లేకపోతే 108కి చేయండి.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. ఏ లక్షణమూ లేకుండానే ఈ స్కానింగ్‌లో గుండె చప్పుడు లేదని తెలియడం కొందరికి జరుగుతుంది. అందుకే స్కానింగ్‌కి ఒంటరిగా వెళ్లకండి. అలా జరిగితే బిందె ఎత్తావనో, బస్సెక్కావనో, ఏదో తిన్నావనో ఇంట్లో అనేవాళ్లుంటారు. దయచేసి నమ్మకండి. మొదటి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. తల్లి చేసిన ఏ పనీ దానికి కారణం కాదు. ఈ మాట భర్త ముందు తెలుసుకుని ఇంట్లోవాళ్లకు చెప్పాలి.

ఎవరికి, ఎప్పుడు చెప్పాలి

ఊరందరికీ చెప్పడానికి మూడో నెల దాటనివ్వండి, తప్పులేదు. కానీ మీకు ఏమైనా అయితే పరుగెత్తుకొచ్చే ఇద్దరు ముగ్గురికి మాత్రం మొదటి నుంచే తెలియాలి. ఆఫీసులో రాత్రి షిఫ్టులు, రసాయనాలు, బరువులు మోసే పనులు ఉంటే మేనేజరుకి ఎంత త్వరగా చెబితే అంత మంచిది. ప్రసూతి సెలవు చట్టం వర్తించే చోట, కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు మీ హక్కు. అందులో కాన్పుకు ముందు 8 వారాల వరకు వాడుకోవచ్చు. గర్భవతి అని ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. మెయిల్ రాసి కాపీ ఉంచుకోండి.

అంగన్‌వాడీలో కూడా పేరు రాయించండి. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద ఒకపూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. కేంద్రం ఇచ్చే మాతృ వందన యోజనలో అర్హులైనవాళ్లకు మొదటి కాన్పుకు 5,000 రూపాయలు రెండు విడతల్లో, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 వస్తాయి. దరఖాస్తుకు ఆధార్, బ్యాంకు పుస్తకం, తల్లీబిడ్డల కార్డు దగ్గర పెట్టుకుని మీ అంగన్‌వాడీ టీచర్‌ని గాని ఆశాని గాని అడగండి.

ఎన్‌టీ రిపోర్టు చూపించడానికి వెళ్లిన రోజే, గదిలోంచి బయటికొచ్చే ముందు మూడు తేదీలు కార్డు మీద రాయించుకోండి: తర్వాతి చెకప్, రెండో టీడీ టీకా, టిఫా స్కాన్. టిఫాకి కూడా ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.